పోలీసు అధిపతులు, పోలీసు పరిశోధకులు ఎక్కడి నుంచి వచ్చారు: ఒక ఆన్‌లైన్ కోర్సు సమీక్ష

మొదటి పాఠం మొదలుకాగానే తెర మీద రెండు బయోడేటాలు పక్కపక్కన కనిపిస్తాయి. రెండింటిలోనూ పేర్లు చెరిపేసి ఉంటాయి. ఎడమవైపు మనిషి చదువు ప్రాథమిక స్థాయి దాటలేదు. బొగ్గు, పశువుల దాణా అమ్మే దుకాణం నడిపాడు, సైన్యంలో చేరి యుద్ధానికి వెళ్లాడు, తిరిగివచ్చి ఇంటింటికీ ఉత్తరాలు పంచాడు. కుడివైపు మనిషి విశ్వవిద్యాలయ పట్టభద్రుడు, పాతికేళ్లకే ఒక పట్టణ పోలీసు అధిపతి. వీరిద్దరిలో పోలీసు పరిపాలనలో ప్రొఫెసర్ అయింది ఎవరని ఉపన్యాసకురాలు అడిగి, అర నిమిషం మౌనంగా ఉంటారు. ఇద్దరూ అయ్యారన్నది జవాబు. కుడివైపు మనిషి ఎడమవైపు మనిషికి శిష్యుడన్నది ఆ జవాబులో రెండో సగం. ఎడమవైపు ఉన్నది ఆగస్ట్ వోల్మర్, కుడివైపు ఉన్నది ఓ. డబ్ల్యు. విల్సన్.

పోలీసు శాఖలకు నాయకత్వం వహించినవారు, ఆ శాఖల మీద పరిశోధన చేసినవారు ఏ చదువుల నుంచి, ఏ ఉద్యోగాల నుంచి ఆ స్థానాలకు చేరారన్నదే ఈ కోర్సు విషయం. మొత్తం పది ఉపన్యాసాలు, ఒక్కొక్కటి దాదాపు యాభై నిమిషాలు. వాటితోపాటు ఎనభై మంది వృత్తి వివరాలు ఒక్కో పుటలో ఇచ్చే పుస్తిక ఒకటి, ప్రతి పాఠానికీ ఒక అభ్యాసపత్రం ఇస్తారు. ప్రభుత్వ పాలన బోధించే పనిలో ఉన్నాను కాబట్టి, పోలీసు నాయకత్వం గురించి విద్యార్థులు అడిగే ప్రశ్నలకు నా దగ్గర ఉన్న జవాబులు పాతబడిపోయాయని అనిపించి ఇందులో చేరాను. రెండు నెలల్లో పూర్తి చేశాను, మూడు పాఠాలు రెండేసిసార్లు చూశాను. కోర్సు నడిపే సంస్థతో నాకొక ఇబ్బంది ఎదురైంది, దాన్ని కింద వివరిస్తాను; అందుకే సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు.

పోలీసు అధిపతి అనగానే కింది నుంచి ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చిన మనిషి మన ఊహకు వస్తాడు. ఆ ఊహ ఎంత ఇటీవలిదో రెండో పాఠం చక్కగా చూపిస్తుంది. 1829లో లండన్ మెట్రోపాలిటన్ పోలీసును నెలకొల్పినప్పుడు బ్రిటిష్ హోం మంత్రి రాబర్ట్ పీల్ దాన్ని ఇద్దరు కమిషనర్ల చేతిలో పెట్టాడు. ఒకరు వాటర్లూ యుద్ధంలో పాల్గొన్న సైనికాధికారి చార్లెస్ రోవన్, మరొకరు న్యాయవాది రిచర్డ్ మేన్. సైనికుడి క్రమశిక్షణ, న్యాయవాది జాగ్రత్త ఒకే కార్యాలయంలో ఇరవై ఏళ్లకు పైగా పక్కపక్కన పనిచేశాయి. రోవన్ 1850లో విరమించుకోగా, మేన్ 1868లో మరణించేదాకా ఆ పదవిలోనే ఉన్నాడు. ఆ ఇద్దరిలో ఎవరూ ఒక్క రోజైనా కానిస్టేబుల్‌గా గస్తీ తిరిగినవారు కారు. ఆ తరువాత వందేళ్లకు పైగా ఆ పీఠం ఎక్కువగా సైనికాధికారులకు, ప్రభుత్వ పాలకులకే దక్కింది. 1931లో కమిషనర్‌గా వచ్చిన ట్రెంచర్డ్ బ్రిటిష్ వైమానిక దళాన్ని నిర్మించినవాడు. యువకులను నేరుగా అధికారి హోదాల్లోకి తీసుకురావడానికి ఆయన 1934లో హెండన్‌లో పోలీసు కళాశాల తెరిచాడు. కానిస్టేబుల్‌గా ఉద్యోగం మొదలుపెట్టిన మనిషి కమిషనర్ కావడం 1958లో జోసెఫ్ సింప్సన్‌తోనే సాధ్యమైంది, ఆయన కూడా హెండన్ కళాశాల దారి గుండా వచ్చినవాడే. అన్ని మెట్లూ ఒక్కొక్కటిగా ఎక్కి ఆ స్థానం చేరిన మొదటి వ్యక్తి 1972లో కమిషనర్ అయిన రాబర్ట్ మార్క్; ఆయన 1937లో మాంచెస్టర్‌లో కానిస్టేబుల్‌గా చేరాడు. నూట నలభై మూడేళ్ల చరిత్రను ఉపన్యాసకురాలు ఒక గీత మీద పెట్టి, ఏ కాలంలో ఏ వృత్తివారు ఆ కుర్చీలో కూర్చున్నారో రంగులతో చూపిస్తారు. మార్క్ పేరు దగ్గర రంగు మారినప్పుడు ఆ మార్పు ఎంత ఆలస్యంగా వచ్చిందో వేరే వ్యాఖ్యానం అవసరం లేకుండానే తెలుస్తుంది.

మూడో పాఠం, నాలుగో పాఠం కోర్సుకు ప్రాణం. మొదటి పాఠంలో మెరుపులా వచ్చిపోయిన వోల్మర్ ఇక్కడ తీరికగా మన ముందుకు వస్తాడు. 1904లో ఆయన అమెరికాలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పట్టణంలో పోస్ట్‌మ్యాన్. అదుపు తప్పి పట్టాల మీద జారుకుంటూ వస్తున్న సరుకు రవాణా పెట్టె ఒకటి, ప్రయాణికులతో నిలిచి ఉన్న రైలు వైపు దూసుకుపోతుంటే, దాని మీదికి దూకి బ్రేకు వేసి ఆపాడు. ఆ సంఘటనతో ఊరంతా ఆయన పేరు తెలిసింది. మరుసటి ఏడు, 1905లో, ఆయన పట్టణ మార్షల్‌గా, అంటే పట్టణ పోలీసు పని చూసే అధికారిగా, ఎన్నికయ్యాడు. 1909లో బర్క్‌లీకి మొదటి పోలీసు చీఫ్ అయ్యాడు. తన సిబ్బందిని సైకిళ్ల మీద గస్తీకి పంపాడు, 1908లోనే వారికి బడి పెట్టాడు, విశ్వవిద్యాలయ విద్యార్థులను పోలీసు ఉద్యోగాల్లోకి తీసుకున్నాడు. తనకు దక్కని చదువు తన సిబ్బందికి అవసరమని ఇంత పట్టుదలతో నమ్మిన మరో అధిపతిని వెతకడం కష్టం. 1929లో షికాగో విశ్వవిద్యాలయం ఆయన్ని పోలీసు పరిపాలన ప్రొఫెసర్‌గా పిలిచింది. పోస్ట్‌మ్యాన్‌గా ఆయన బర్క్‌లీలో ప్రతి వీధినీ, ప్రతి గడపనూ నడిచి తెలుసుకున్నాడని, గస్తీ గురించి ఆయన ఆలోచనకు ఆ నడక పునాది అయి ఉండవచ్చని ఉపన్యాసకురాలు అంటారు. ఇది ఊహేనని ఆమె స్వయంగా చెప్పి మరీ అనడం నాకు నచ్చింది. బయోడేటాలో ఒక్క పదంగా మిగిలిపోయే ఉద్యోగం వెనుక ఎంత అనుభవం దాగి ఉండవచ్చో ఆలోచింపజేసే మాట అది.

ఆ విద్యార్థి పోలీసుల్లో ఒకడు విల్సన్. 1921లో చదువుకుంటూనే వోల్మర్ దగ్గర పోలీసుగా చేరాడు, 1928 నుంచి 1939 దాకా కాన్సాస్ రాష్ట్రంలోని విచిటాలో చీఫ్‌గా ఉన్నాడు, 1950లో బర్క్‌లీలోని నేరశాస్త్ర విభాగానికి డీన్ అయ్యాడు. 1960లో షికాగో పోలీసులే దొంగలతో కలిసి దొంగతనాలు చేశారన్న కుంభకోణం బయటపడి, ఆ నగరానికి కొత్త పోలీసు అధిపతి కావలసి వచ్చినప్పుడు, ఆ ఎంపిక సంఘానికి ఆయనే అధ్యక్షుడు. సంఘం చివరికి తన అధ్యక్షుణ్నే ఎంపిక చేసింది. ఆ పదవిలో 1967 దాకా ఉన్న విల్సన్ తన దగ్గరికి ఒక యువ సహాయకుణ్ని పిలిపించుకున్నాడు, ఆయన పేరు హెర్మన్ గోల్డ్‌స్టీన్.

గోల్డ్‌స్టీన్ ఏనాడూ పోలీసు కాదు. ప్రభుత్వ పాలన చదువుకున్నాడు, ఒక నగర పాలక కార్యాలయంలో పనిచేశాడు, న్యాయరంగ పరిశోధనా సంస్థ అమెరికన్ బార్ ఫౌండేషన్ చేపట్టిన క్షేత్ర పరిశీలనలో పోలీసుల వెంట తిరిగి వారు నిజంగా ఏం చేస్తున్నారో రాసుకున్నాడు. 1960 నుంచి 1964 దాకా షికాగోలో విల్సన్ కార్యాలయంలో కూర్చుని, ఒక పెద్ద పోలీసు శాఖను సంస్కరించడం లోపలి నుంచి ఎలా ఉంటుందో చూశాడు. ఆ తరువాత విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ న్యాయ కళాశాలలో చేరాడు. పోలీసులు తమ పద్ధతుల గురించి ఆలోచిస్తున్నారే తప్ప, ప్రజల సమస్యలు తీరాయా లేదా అన్నదాని గురించి ఆలోచించడం లేదని 1979లో రాసిన వ్యాసంలో వాదించాడు. సమస్యా కేంద్రిత పోలీసు విధానం అని ఈనాడు మనం పిలిచేది అక్కడే పుట్టింది. విల్సన్ నమ్మిన క్రమబద్ధమైన, వృత్తిపరమైన పరిపాలనకు పరిమితులున్నాయని చెప్పినవాడు విల్సన్ గదిలోనే నాలుగేళ్లు గడిపినవాడు. ఆ నాలుగేళ్లు లేకపోతే ఆ వ్యాసం ఉండేదా అని ఉపన్యాసకురాలు అడుగుతారు. ఉండేది కాదనే నేను అనుకుంటున్నాను. బయట నిలబడి విమర్శించేవాడికి శాఖ తప్పులు కనిపించవచ్చు గానీ, మంచి ఉద్దేశంతో నడిచే శాఖ కూడా దారి ఎక్కడ తప్పుతుందో కనిపించాలంటే లోపల కూర్చోవాలి. 2018లో గోల్డ్‌స్టీన్‌కు స్టాక్‌హోమ్ నేరశాస్త్ర పురస్కారం లభించింది.

పోస్ట్‌మ్యాన్ నుంచి చీఫ్, ఆ చీఫ్ దగ్గరి విద్యార్థి నుంచి డీన్, ఆ డీన్ దగ్గరి సహాయకుడి నుంచి ఒక పరిశోధనా సంప్రదాయం: ఈ మూడు జీవితాలను ఒకే తీగగా చూపించిన ఈ రెండు పాఠాల కోసమే కోర్సుకు పెట్టిన రుసుము గిట్టుబాటయిందని నేను నిస్సంకోచంగా చెప్పగలను. వృత్తి నేపథ్యం అంటే పదవుల వరుస అనుకునే అలవాటు మనకుంది. ఎవరు ఎవరి గదిలో కూర్చున్నారు, ఎవరు ఎవరిని లోపలికి రానిచ్చారు అన్నది కూడా నేపథ్యమేనని ఈ పాఠాలు పట్టి చూపిస్తాయి. కోర్సు ఈ దృష్టిని నిలబెట్టుకున్న చోటల్లా అద్భుతంగా ఉంది, దాన్ని వదిలేసిన చోటల్లా పేలవంగా ఉంది.

అయిదో పాఠం పరిశోధకులది. పోలీసులను అధ్యయనం చేసినవారు ఎన్ని దారుల గుండా వచ్చారో ఇందులో తెలుస్తుంది. ఎగాన్ బిట్నర్ చెకోస్లొవేకియాలో పుట్టి, నాజీల మారణహోమం నుంచి బతికి బయటపడి, అమెరికాలో సమాజశాస్త్రవేత్త అయినవాడు. నిరుపేదలు, తాగుబోతులు ఉండే వాడల్లో పోలీసులు శాంతిని ఎలా కాపాడతారన్న ఆయన అధ్యయనం 1967లో వచ్చింది. అవసరమైతే బలం ప్రయోగించగల అధికారమే పోలీసు పాత్రకు మూలమని నిర్వచించింది ఆయనే. రాజ్యం బలప్రయోగం ఎంత దూరం పోగలదో సొంత కుటుంబంలో చూసిన మనిషి ఆ నిర్వచనం ఇచ్చాడన్న సంగతి తెలిసిన తరువాత దాన్ని మునుపటిలా చదవలేకపోయాను. రాజనీతి శాస్త్రం నుంచి వచ్చిన డేవిడ్ బేలీ 1960లలో భారతదేశ పోలీసులను, ఆ తరువాత జపాన్ పోలీసులను అధ్యయనం చేసి, ఒక దేశపు పోలీసును మరో దేశంతో పోల్చి చూడటాన్ని గౌరవప్రదమైన పరిశోధనగా నిలబెట్టాడు. సంక్షేమ రంగం నుంచి వచ్చిన జార్జ్ కెల్లింగ్ అంతకుముందు, జైలుకు బదులు బయట పర్యవేక్షణలో ఉంచిన నేరస్థులను చూసుకునే ప్రొబేషన్ అధికారిగా పనిచేశాడు. పీటర్ మాస్కోస్ దారి మరీ వింతగా ఉంటుంది: హార్వర్డ్‌లో పరిశోధక విద్యార్థిగా పోలీసులను గమనించడానికి 1999లో బాల్టిమోర్ వెళ్లి, చివరికి అక్కడ పోలీసుగానే చేరి, శిక్షణతో కలిపి ఇరవై నెలలు ఆ ఉద్యోగం చేసి, ఆ తరువాతే ప్రొఫెసర్ అయ్యాడు.

పోలీసు ఉద్యోగం నుంచి పరిశోధనలోకి వచ్చినవారి కథలు ఈ పాఠంలో రెండో భాగం. జెరీ రాట్‌క్లిఫ్ లండన్ మెట్రోపాలిటన్ పోలీసులో పదేళ్లకు పైగా పనిచేశాక, మంచు కొండల్లో జరిగిన పర్వతారోహణ ప్రమాదం వల్ల ఆ ఉద్యోగం వదులుకుని, భూగోళశాస్త్రం చదివి, నేరాల పటాలు గీసే పరిశోధకుడయ్యాడు. వాంకూవర్ పోలీసు అధికారి కిమ్ రోస్మో 1995లో సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయం నుంచి నేరశాస్త్రంలో డాక్టరేట్ పొందాడు, కెనడాలో ఆ పట్టా సాధించిన మొదటి పోలీసు అధికారి ఆయనే. వరుస నేరాలు జరిగిన చోట్లను బట్టి నేరస్థుడి నివాసం ఎక్కడ ఉండవచ్చో లెక్కగట్టే పద్ధతిని రూపొందించాడు. బాల్టిమోర్‌లో పోలీసు అధికారిగా, డిటెక్టివ్‌గా పనిచేసిన సింథియా లమ్ ఆ తరువాత జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయి, పోలీసు వ్యూహాలపై జరిగిన అధ్యయనాలను ఒకే చిత్రపటంలో చూపించే సాధనాన్ని సహచరులతో కలిసి తయారు చేశారు. పోలీసు అధికారి ఏ పుట దాకా ఓపికగా చదువుతాడో, ఏ బొమ్మ చూసి ఆగుతాడో తెలిసినవారి చేతి పని అది. లోపలివారు మెరుగా, బయటివారు మెరుగా అన్న చర్చను కోర్సు అనవసరంగా సాగదీయలేదు. లోపలివారికి ఏ ప్రశ్న అడగాలో తెలుస్తుందని, బయటివారికి దాన్ని అడిగే ధైర్యం ఉంటుందని ఒక వాక్యంలో చెప్పి ముందుకు సాగారు. మొదటి సగంతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, రెండో సగంతో అంత సులభంగా ఏకీభవించలేను. శాఖ అనుమతి లేకుండా దత్తాంశాలు దొరకని పరిశోధకుడికి కూడా నోరు కట్టేసే కారణాలు ఉంటాయి, వాటి గురించి ఇక్కడ ఒక మాట పడి ఉండాల్సింది.

ఆరో పాఠం మీద నా అభిమానం కొంచెం ఎక్కువ. అధిపతి, పరిశోధకుడు ఒకరికొకరు ఎదురుపడిన మూడు సందర్భాలు ఇందులో ఉన్నాయి. మొదటిది కాన్సాస్ సిటీలో 1972, 1973లలో జరిగిన గస్తీ ప్రయోగం. పదిహేను బీట్లను మూడు భాగాలు చేసి, అయిదింటిలో కారు గస్తీ పూర్తిగా ఎత్తేసి, ఎవరైనా పిలిస్తేనే వెళ్లారు. మరో అయిదింటిలో గస్తీని రెండు మూడు రెట్లు పెంచారు. మిగిలిన అయిదింటిని ఉన్నది ఉన్నట్టు ఉంచారు. నేరాల్లోనూ, ప్రజల భయంలోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కెల్లింగ్ నాయకత్వంలో ఈ అధ్యయనం జరిపింది 1970లో ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో ఏర్పడిన పోలీస్ ఫౌండేషన్. దానికి తలుపు తెరిచిన చీఫ్ క్లారెన్స్ కెల్లీ అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా ఎఫ్‌బీఐలో పనిచేసినవాడు, ప్రయోగం సాగుతుండగానే 1973లో అదే ఎఫ్‌బీఐకి డైరెక్టర్‌గా వెళ్లాడు. గస్తీ కార్లు తిరిగితే నేరాలు తగ్గుతాయన్నది ఆనాడు పోలీసులకు శిలాశాసనం. దాన్ని తన నగరంలోనే పరీక్షకు పెట్టనిచ్చిన అధిపతి తెగువకు పరిశోధకుడి పేరుతో సమానమైన గౌరవం దక్కాలని ఈ పాఠం వాదిస్తుంది, ఆ వాదన న్యాయమైనది.

రెండోది మినియాపొలిస్. అక్కడి చీఫ్ ఆంథొనీ బౌజా స్పెయిన్‌లో పుట్టి, న్యూయార్క్ పోలీసులో ఎదిగినవాడు; పరిశోధకుడు లారెన్స్ షెర్మన్ యువకుడిగా న్యూయార్క్ పోలీసు కార్యాలయంలో పౌర ఉద్యోగిగా కొంతకాలం పనిచేసి, ఆ తరువాత యేల్‌లో డాక్టరేట్ చేసినవాడు. ఇద్దరికీ న్యూయార్క్ పోలీసు తెలుసు, ఒకరికి లాఠీతో, మరొకరికి కాగితంతో. 1981, 1982లలో ఇంట్లో భార్యలను కొట్టిన కేసులపై వారు ప్రయోగం జరిపారు. వెళ్లిన అధికారి నిందితుణ్ని అరెస్టు చేయాలా, కొన్ని గంటలు ఇంటి నుంచి పంపించాలా, సలహా చెప్పి ఊరుకోవాలా అన్నది అదృష్టం చీటీ తేల్చేది. ఇక్కడ ఉపన్యాసకురాలు ఒక కాగితాల కట్టను చేతిలోకి తీసుకుని చూపిస్తారు. మూడు రంగుల పత్రాలు, ముందుగానే కలగాపులగంగా పేర్చి ఒకే అంచున అంటించినవి. అధికారి ఆ ఇంటికి వెళ్లాక పైన ఏ రంగు పత్రం ఉంటే ఆ చర్యే తీసుకోవాలి. ఆమె మొదటి పత్రం చింపి, కింద ఏ రంగు ఉందో కెమెరాకు చూపించి, ఇప్పుడు తరువాతి ఇంటికి వెళ్లే అధికారికి తాను ఏం చేయబోతున్నాడో ముందే తెలిసిపోయింది కదా అని అడుగుతారు. ఆ ప్రయోగంలోని అతి పెద్ద బలహీనతను నేను చదివిన ఏ వ్యాసమూ ఇంత సూటిగా నాకు అర్థం చేయించలేదు. మొత్తం 314 కేసుల విశ్లేషణలో అరెస్టు చేసిన చోట మళ్లీ దాడులు తక్కువగా కనిపించాయి. చట్టాలు, శాఖల నియమాలు దాని ప్రభావంతో మారాయి. ఆ తరువాత ఇతర నగరాల్లో జరిగిన ప్రయోగాల్లో ఫలితాలు అన్ని చోట్లా ఒకేలా రాలేదు, ఉద్యోగం లేనివారి విషయంలో అరెస్టు ఎదురుతిరగవచ్చని కూడా తేలింది. ఆ సంగతిని షెర్మన్ దాచుకోలేదని, తన తొలి ఫలితాన్ని ప్రశ్నించే పరిశోధనలో తానే పాల్గొన్నాడని పాఠం గుర్తుచేస్తుంది. పరిశోధకుడి నేపథ్యంలో రాయదగ్గ అర్హతల్లో ఇదీ ఒకటి, అయితే దీన్ని రాసుకునే గడి ఏ బయోడేటాలోనూ ఉండదు.

మూడోది ఫిలడెల్ఫియా. 1968లో షికాగోలో క్యాడెట్‌గా మొదలై, వాషింగ్టన్‌లో చీఫ్‌గా పనిచేసి వచ్చిన చార్లెస్ రామ్సీ అప్పట్లో అక్కడ కమిషనర్. పైన చెప్పిన రాట్‌క్లిఫ్ ఆ నగరంలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. 2009 వేసవిలో నేరాలు ఎక్కువగా జరిగే 120 చోట్లను తీసుకుని, చీటీల పద్ధతిలో 60 చోట్లకు కొత్త అధికారులను కాలినడక గస్తీకి పంపారు, మిగతా 60 చోట్లను మామూలుగా వదిలేశారు. గస్తీ ఉన్న చోట్ల హింసాత్మక నేరాలు, గస్తీ లేని చోట్లతో పోలిస్తే, 23 శాతం తగ్గాయి. కాన్సాస్ సిటీలో కార్లు చేయలేని పనిని ఇక్కడ కాళ్లు చేశాయా, లేక గస్తీని సరైన చిన్న చోట్ల మీద కేంద్రీకరించడం వల్ల ఆ తేడా వచ్చిందా అన్నది అభ్యాసపత్రంలోని ప్రశ్న. రెండు గంటలు దాని మీద కూర్చున్నాను. కోర్సు మొత్తంలో మంచి ప్రశ్న ఏదంటే ఇదే చెబుతాను.

ఇక్కడి నుంచి పట్టు సడలింది. ఏడో పాఠం వివిధ దేశాల ప్రవేశ పద్ధతుల మీద. భారతదేశంలో ఐపీఎస్ ద్వారా నేరుగా పై హోదాలోకి రావడం, నార్వేలో పోలీసు కావడానికే మూడేళ్ల పట్టా చదవాల్సి రావడం, ఇంగ్లండ్‌లో 2014లో సూపరింటెండెంట్ హోదాలోకి బయటివారిని నేరుగా తీసుకునే పథకం మొదలవడం, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి స్లయిడ్లుగా జరిగిపోతాయి. నేరుగా పైకి వచ్చిన అధికారిని కింది నుంచి వచ్చిన సిబ్బంది ఎలా చూస్తారు, ఆ అధికారి కింది పనిని ఎలా నేర్చుకుంటాడు అన్నవి ఈ విషయంలో అసలు ప్రశ్నలు. వాటిని ఎవరూ ముట్టుకోలేదు.

ఎనిమిదో పాఠం మహిళల గురించి. ఇది నన్ను నిజంగా బాధపెట్టింది. 1910లో లాస్ ఏంజిలెస్ పోలీసులో చేరిన, అంతకుముందు సంఘసేవలోనూ మతబోధలోనూ పనిచేసిన ఆలిస్ స్టెబిన్స్ వెల్స్, 1985లో పోర్ట్‌లాండ్ చీఫ్ అయి అమెరికాలో ఒక పెద్ద నగర పోలీసుకు నాయకత్వం వహించిన మొదటి మహిళ అయిన పెన్నీ హారింగ్టన్, ఆక్స్‌ఫర్డ్‌లో వ్యవసాయ, అటవీ శాస్త్రాలు చదివి 1983లో కానిస్టేబుల్‌గా చేరి 2017లో లండన్ మెట్రోపాలిటన్ పోలీసుకు మొదటి మహిళా కమిషనర్ అయిన క్రెసిడా డిక్: ముగ్గురినీ ఒకే ఉపన్యాసంలో, మొదటి మహిళ అన్న ఒకే బిరుదు కింద సరిపెట్టేశారు. వోల్మర్ పోస్ట్‌మ్యాన్ ఉద్యోగానికి పదిహేను నిమిషాలు వెచ్చించిన కోర్సు, వెల్స్ సంఘసేవ ఆమె పోలీసు పనిని ఎలా మలిచిందన్నదానికి ఒక్క నిమిషమైనా ఇవ్వలేదు. ఎవరు ఎవరి గదిలో కూర్చున్నారన్న ప్రశ్న వీరి విషయంలో మరింత పదునుగా అడగవలసింది, ఎందుకంటే చాలా గదుల్లోకి వీరిని రానివ్వలేదు.

తొమ్మిదో పాఠం పదవి తరువాతి జీవితాలది. కొంత కోలుకుంది. న్యూయార్క్ కమిషనర్‌గా పనిచేసిన పాట్రిక్ మర్ఫీ 1973లో పోలీస్ ఫౌండేషన్ పగ్గాలు చేపట్టి, పన్నెండేళ్లు పరిశోధనకు అండగా నిలిచాడు. శాన్ హొసేలో పోలీసుగా మొదలై, 1970లో బర్క్‌లీలో నేరశాస్త్రంలో డాక్టరేట్ తెచ్చుకున్న లీ బ్రౌన్ హ్యూస్టన్, న్యూయార్క్ పోలీసులకు నాయకత్వం వహించి, ఆ తరువాత హ్యూస్టన్ మేయర్ అయ్యాడు. మాడిసన్‌లో రెండు దశాబ్దాలు చీఫ్‌గా ఉన్న డేవిడ్ కూపర్ చర్చి పూజారి అయ్యాడు. థేమ్స్ వ్యాలీ చీఫ్ కానిస్టేబుల్‌గా పనిచేసిన పీటర్ నెయ్‌రౌడ్ కేంబ్రిడ్జ్‌లో డాక్టరేట్ చేసి అక్కడే బోధనలో చేరాడు. పదో పాఠం వీటన్నిటినీ మళ్లీ చెప్పడమే, చూడకపోయినా నష్టం లేదు.

పుస్తిక గురించి రాయక తప్పదు. ఎనభై పుటల్లోనూ పదవులు, సంవత్సరాలు, పట్టాలు, పురస్కారాలు ఒకే అచ్చులో ఉన్నాయి. ఎవరి పరిశోధనకు ఎవరు డబ్బిచ్చారు, ఏ శాఖతో ఎవరికి ఒప్పందం ఉంది, పదవీ విరమణ తరువాత ఎవరు ఏ పరికరాల సంస్థకు సలహాదారుగా ఉన్నారు అన్న వివరాలకు అసలు చోటే లేదు. వృత్తి నేపథ్యాన్ని ఎందుకు చదువుతామంటే ఒక మనిషి మాటను ఎంతవరకు నమ్మవచ్చో, ఎక్కడ జాగ్రత్త పడాలో తెలుసుకోవడానికి. ఆ పనికి పురస్కారాల వరుస కన్నా డబ్బు వచ్చిన దారి ఎక్కువ ఉపయోగపడుతుంది. సార్జెంట్ స్థాయిలో ఉండి పరిశోధనలు నడిపినవారు కూడా ఇందులో లేరు. అమెరికా జాతీయ న్యాయ సంస్థ 2014లో మొదలుపెట్టిన లీడ్స్ అనే కార్యక్రమం ఉద్యోగంలో ఉన్న మధ్య స్థాయి పోలీసు అధికారులను పరిశోధన వైపు ప్రోత్సహించింది. ఆ తరం మనుషులు ఒక్కరికైనా పుస్తికలో పుట ఉండాల్సింది.

ఇక నాకు ఎదురైన ఇబ్బంది. పుస్తికలో రోవన్, మేన్ పుటలు తారుమారయ్యాయి. న్యాయవాది చదువు సైనికుడి పేరు కింద, వాటర్లూ న్యాయవాది పేరు కింద పడ్డాయి. అభ్యాసపత్రంలో ఆ పుట మీద ఆధారపడిన ప్రశ్న కూడా ఉంది, సరైన జవాబు రాస్తే తప్పని మార్కు వేస్తుంది. ఆధారాలతో సహా వివరంగా రాసి పంపాను. మూడు రోజులకు యంత్రం పంపిన ధన్యవాదాల లేఖ వచ్చింది. రెండు వారాల తరువాత మళ్లీ రాశాను, అదే లేఖ మళ్లీ వచ్చింది. కోర్సు పూర్తయ్యేనాటికి ఆ పుట అలాగే ఉంది. మనుషుల వృత్తి వివరాలే సరుకుగా అమ్మే సంస్థ, ఇద్దరు మనుషుల వృత్తులు తారుమారయ్యాయని చెబితే పట్టించుకోకపోవడం చిన్న విషయం కాదు. ఒక విద్యార్థి ఆ పుటను నమ్మి పరీక్షలో రాస్తే ఆ తప్పు ఇంకో చోటికి పాకుతుంది.

ఉపశీర్షికలు కూడా యంత్రం రాసినవే, వ్యక్తుల పేర్లు వచ్చిన చోటల్లా తప్పాయి. బిట్నర్ ఒక పాఠంలో మూడు వేర్వేరు పేర్లతో కనిపించాడు. వీడియో నాణ్యత, ధ్వని బాగున్నాయి. పాఠాలను డౌన్‌లోడ్ చేసుకుని చూసే వీలుంది. సందేహాలకు ఉపన్యాసకురాలు వారానికి ఒకసారి ప్రత్యక్షంగా జవాబిచ్చే సమావేశాలు నిజంగా విలువైనవి. గస్తీ ప్రశ్నపై నేను రాసిన జవాబును ఆమె చదివి, ప్రయోగంలోని చోట్ల వైశాల్యం గురించి నేను మరిచిపోయిన అంశాన్ని ఓపికగా వివరించారు. సంస్థ నిర్లక్ష్యాన్ని ఆమె ఖాతాలో వేయడం తగదు.

పోలీసు శిక్షణ సంస్థల్లో బోధించేవారికి, నేరశాస్త్రం చదివే విద్యార్థులకు, పోలీసు సంస్కరణల గురించి రాసే పాత్రికేయులకు ఈ కోర్సు పనికొస్తుంది. పోటీ పరీక్షల కోసం పేర్లు, సంవత్సరాలు కావలసినవారు పుస్తికను మాత్రం నమ్ముకోవద్దు. అయిదు నక్షత్రాలకు మూడున్నర ఇస్తున్నాను; తారుమారైన పుటను సరిదిద్దితే నాలుగు చేస్తాను. సమయం తక్కువగా ఉన్నవారు మూడు, నాలుగు, ఆరు పాఠాలు చూసి, ఆరో పాఠం అభ్యాసపత్రాన్ని తప్పకుండా చేతితో రాయాలి. ఆ రంగు పత్రాల కట్టను నేను ఇంట్లో సొంతంగా తయారుచేసుకున్నాను, వచ్చే నెల తరగతిలో విద్యార్థుల చేతికి ఇవ్వబోతున్నాను.